నాలుగు రోజులకే తిరిగిచ్చిన వారం అద్దె కారు: నా అనుభవం

వారం రోజులకని 610 డాలర్లకు మాట్లాడుకున్న అద్దె కారును నాలుగు రోజుల నాలుగు గంటలకే తిరిగిచ్చేశాను. నాకు వచ్చిన రసీదులో 654 డాలర్లు ఉంది. మూడు రోజులు వాడుకోలేదు కాబట్టి ఎంతో కొంత తగ్గుతుందని దారి పొడవునా లెక్క వేసుకుంటూ వెళ్ళిన వాణ్ణి, 44 డాలర్లు ఎదురు కట్టి వచ్చాను. ఇందులో మోసం ఎంత, నా తెలియనితనం ఎంత అన్నది తేల్చుకోవడానికి రెండు వారాలు పట్టింది. ఆ వ్యవహారాన్ని జరిగిన వరుసలోనే రాస్తున్నాను.

మేము ఉండేది టెక్సాస్‌లో, డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో. కిందటి జూన్‌లో తెనాలి నుంచి అమ్మా నాన్నగారూ వచ్చారు. మా ఇద్దరికీ, ఇద్దరు పిల్లలకూ సరిపోయే చిన్న కారే మాకు ఉంది. ఆరుగురం కలిసి ఊళ్ళు తిరగాలంటే మినీవ్యాన్ తప్పనిసరి అయింది. గురువారం ఉదయం బయలుదేరి హ్యూస్టన్, అక్కడి నుంచి గాల్వెస్టన్ సముద్రతీరం, తరువాత శాన్ ఆంటోనియో, చివరగా కార్పస్ క్రిస్టీ చూసుకుని బుధవారం రాత్రికి ఇల్లు చేరి, మర్నాడు ఉదయం బండి అప్పగించేయాలన్నది మా ప్రణాళిక.

ఇంటికి మైలు దూరంలోనే ఒక అద్దె కార్ల శాఖ ఉంది, కానీ అక్కడ మినీవ్యాన్ దొరకలేదు. అందుచేత డాలస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలోని అద్దె కార్ల కేంద్రంలో బుక్ చేశాను. అక్కడ సంస్థలన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి, టెర్మినళ్ళ నుంచి బస్సులు తిరుగుతుంటాయి. విమానాశ్రయంలో తీసుకుంటే అద్దె మీద పదకొండు శాతం పైచిలుకు రుసుము ఒకటి, రోజు లెక్కన పడే చిన్న రుసుములు రెండు అదనంగా వస్తాయి. వీటన్నిటి మీద టెక్సాస్ రాష్ట్రం 10 శాతం పన్ను వేస్తుంది. ముప్పై రోజులు దాటిన అద్దెకైతే ఆ పన్ను 6.25 శాతమే. వ్యవధిని బట్టి రేటు మారడమన్నది సంస్థల దగ్గరే కాదు, ప్రభుత్వం దగ్గర కూడా ఉందన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

బుకింగ్ చేసేటప్పుడు రెండు ధరలు కనిపించాయి. డబ్బు ముందే కట్టేస్తే నలభై డాలర్లు తక్కువ, బండి తీసుకునేటప్పుడు కడతానంటే నలభై ఎక్కువ. పెద్దవాళ్ళతో ప్రయాణం, ఏదైనా అడ్డం వస్తే రద్దు చేసుకోవచ్చునని రెండోదే ఎంచుకున్నాను. నేను ఈ మొత్తం వ్యవహారంలో చేసిన తెలివైన పని బహుశా అదొక్కటే. ముందే కట్టిన రేటుకు వాడుకోని రోజుల సొమ్ము వెనక్కి రాదని అక్కడే రాసి ఉంది. అంటే, నా రేటుకు ఆ నిబంధన లేదు కనుక వాడుకోని రోజుల సొమ్ము వెనక్కి వస్తుందని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. అక్కడ రాయని దాన్ని కూడా చదివేసుకున్నాను.

గురువారం ఉదయం పది గంటలకు కౌంటరు దగ్గర ఉన్నాను. బీమా కావాలా అని అడిగితే, నా సొంత కారు పాలసీ అద్దె కారుకు కూడా వర్తిస్తుందని ముందురోజే మా బీమా సంస్థకు ఫోన్ చేసి కనుక్కున్నాను కాబట్టి వద్దన్నాను. టోల్ రోడ్లకు వాళ్ళ పథకం తీసుకుంటారా అంటే అదీ వద్దన్నాను. ఎందుకంటే డాలస్ చుట్టుపక్కల టోల్ రోడ్ల మీద డబ్బు తీసుకునే గేట్లు ఉండవు, కెమెరా నంబరు ప్లేటును చూసి బిల్లు వేస్తుంది. మన టోల్‌ట్యాగ్ ఖాతాలో అద్దె కారు నంబరును ఆ కొద్ది రోజుల మట్టుకు చేర్చుకుంటే సరిపోతుంది. క్రెడిట్ కార్డు మీద అద్దెకు తోడు రెండు వందల డాలర్ల డిపాజిట్ కలిపి 810 డాలర్లు హోల్డ్ పెట్టారు, అంటే ఆ మేరకు కార్డు పరిమితిని అట్టిపెట్టారు. చివరికి ఒక చిన్న అద్దాల తెర నా వైపు తిప్పి సంతకం చేయమన్నారు. ఆ తెర మీద సంతకం గడి ఒక్కటే కనిపించింది. దాని పైన ఎన్ని పేజీలున్నాయో చూడకుండా వేలితో గీత గీశాను. వెనక వరుసలో పదిమంది నిలబడి ఉన్నారు, పిల్లలు అప్పటికే బళ్ళు నిలిపే లాట్ వైపు పరుగు తీస్తున్నారు. ఒప్పందపత్రం కాపీ ఈమెయిల్‌కు వచ్చింది. దాన్ని నేను మొదటిసారి తెరిచింది సోమవారం మధ్యాహ్నం, బండి ఇచ్చేసిన తరువాత.

ప్రయాణం మొదటి మూడు రోజులూ బాగానే సాగింది. పియర్‌లాండ్ మీనాక్షి అమ్మవారి గుడిలో అమ్మ గంటసేపు కదల్లేదు. గాల్వెస్టన్‌లో నాన్నగారు పంచె మోకాళ్ళ దాకా ఎగగట్టి నీళ్ళలో నిలబడి, సూర్యలంక సముద్రమే దీనికన్నా నయమని తేల్చేశారు. శనివారం రాత్రి శాన్ ఆంటోనియో హోటల్లో ఆయనకు జ్వరం వచ్చింది, థర్మామీటరు 102 చూపించింది. కార్పస్ క్రిస్టీ మానుకుని ఆదివారం 275 మైళ్ళు వెనక్కి నడిపి ఇంటికి వచ్చేశాం. సోమవారం ఉదయం ఆయనను అర్జెంట్ కేర్‌కు, అంటే అప్పటికప్పుడు చూసే చిన్న ఆసుపత్రికి, తీసుకెళ్ళాను. వైరల్ జ్వరం, వారం రోజులు విశ్రాంతి చాలన్నారు. ఇంటికి వచ్చేసరికి పన్నెండు దాటింది.

అప్పుడు మా ఇంట్లో చర్చ మినీవ్యాన్ మీదికి మళ్ళింది. మా అపార్ట్‌మెంట్లో పర్మిట్ స్టిక్కర్ లేని బండిని లోపల పెడితే రాత్రికి రాత్రే లాక్కుపోయే ప్రమాదం ఉంటుంది, అతిథుల కోసం ఉంచిన నాలుగు చోట్లలో ఒకటి ఖాళీ దొరకడం అదృష్టం. మా ఆవిడ, "రోజుకు అంత డబ్బు పోస్తూ కదలని బండికి కాపలా కాయడం ఎందుకు? ఇచ్చేసి రండి" అంది. నాకూ అదే సబబు అనిపించింది. 610ని ఏడుతో భాగిస్తే రోజుకు 87 డాలర్లు, రెండు రోజులు మిగిలినా 174, మూడు మిగిలితే 261. ఈ భాగహారమే నన్ను ముంచింది. వారానికి ఒక ధర చెప్పిన వస్తువును ఏడు ముక్కలు చేసి, ముక్కకు ఇంత అని నేను అనుకోవచ్చు గానీ, అమ్మినవాడు అలా అమ్మలేదు.

దారిలో ట్యాంకు నింపాను. ఎంత తొందరలో ఉన్నా ఈ పని మాత్రం మానకూడదు, సంస్థ వాళ్ళు నింపితే గ్యాలన్‌కు బయటి ధర కన్నా చాలా ఎక్కువ పడుతుంది. కేంద్రంలోకి వెళ్ళే దారిలో నేలలోంచి పైకి లేచిన ఇనుప పళ్ళ వరుస ఒకటి ఉంటుంది. బండి ముందుకు పోతే అవి వంగుతాయి, వెనక్కి తిప్పితే టైర్లు చీరేస్తాయి. పక్కనే ఎర్ర అక్షరాలతో బోర్డు ఉంది. ఆ పళ్ళు దాటాక లాట్‌లోని కుర్రవాడు వచ్చి, చేతిలోని యంత్రంతో అద్దం మీది బార్‌కోడ్‌ను చదివించి, మైళ్ళూ పెట్రోలు ముల్లూ చూసి, "గురువారం దాకా ఉంది కదా, ఇప్పుడే ఇచ్చేస్తున్నారా?" అని అడిగాడు. అవునన్నాను. అతను భుజాలు ఎగరేసి మీట నొక్కాడు. నా ఒప్పందం ఆ మీటతో ముగిసిపోయింది. సమయం మధ్యాహ్నం 2 గంటల 3 నిమిషాలు. ఆ ప్రశ్న దగ్గర ఆగి, "ఇప్పుడు ఇస్తే ఎంతవుతుంది?" అని నేను తిరిగి అడిగి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరం ఉండేది కాదు.

రసీదు బస్సులో ఉండగా ఫోన్‌కు వచ్చింది. మొదట మొత్తం చూసి, వేరెవరి రసీదో పొరపాటున పంపారనుకున్నాను. తరువాత పద్దులు చూశాను. రుసుములూ పన్నూ కలపకముందు వారపు అద్దె 455 అని ఉండవలసిన చోట, "రోజు రేటు 98, అయిదు రోజులు, 490" అని ఉంది. దాని కింద విమానాశ్రయ రుసుము 54 డాలర్ల 44 సెంట్లు, రోజువారీ రుసుములు 35, ముందుగా తిరిగి ఇచ్చినందుకు ఎర్లీ రిటర్న్ ఫీజు 15, వీటన్నిటి మీద రాష్ట్ర పన్ను 59 డాలర్ల 44 సెంట్లు. కూడితే 653 డాలర్ల 88 సెంట్లు. నాలుగు రోజులు వాడితే అయిదు రోజులని ఎందుకు వేశారు, వారం రేటు ఎటు పోయింది, పైగా ఈ 15 డాలర్ల జరిమానా దేనికి? టెర్మినల్ దగ్గర దిగి, అదే బస్సు ఎక్కి వెనక్కి వచ్చాను.

కౌంటరు వెనక ఉన్న మేనేజరు నడివయసు ఆవిడ, మర్యాదగానే మాట్లాడింది. నా ఫోన్‌లోనే ఒప్పందపత్రం తెరిపించి రెండో పేజీలో నాలుగు వరుసలు చూపించింది. నాకు కావలసినదంతా ఆ నాలుగు వరుసల్లోనే ఉంది. వారపు రేటు వర్తించాలంటే బండి కనీసం అయిదు రోజులు, అంటే 120 గంటలు, నా దగ్గర ఉండాలి. అంతకన్నా ముందే తిరిగి ఇస్తే వారపు రేటు రద్దయి, మొదటి రోజు నుంచీ రోజు రేటు పడుతుంది. రోజు అంటే క్యాలెండరు తేదీ కాదు, బండి తీసుకున్న గడియ నుంచి 24 గంటలు. ఆ గడువు మీద 29 నిమిషాలు వదిలేస్తారు, అది దాటితే ప్రతి గంటకూ రోజు రేటులో మూడో వంతు వేస్తారు. అంటే మూడు గంటలు దాటిందంటే పూర్తి రోజు కిందే లెక్క. నేను బండిని ఉంచుకున్నది సరిగ్గా వంద గంటలు. నాలుగు రోజులకు నాలుగు గంటలు ఎక్కువ కాబట్టి అయిదో రోజు డబ్బు పడింది. అయిదు రోజులకు ఇరవై గంటలు తక్కువ కాబట్టి వారం రేటు పోయింది. అయిదో రోజు అద్దె వసూలు చేశారు గానీ అయిదు రోజులు ఉంచుకున్నట్టు మాత్రం లెక్కలోకి రాలేదు. నాకు అన్నిటికన్నా కడుపు మండించింది ఇదే. ఇప్పటికీ ఆ నిబంధన న్యాయమని నేను అనను.

ఎర్లీ రిటర్న్ ఫీజు సంగతి వేరు. తిరిగి ఇచ్చే తేదీ మారుతున్నట్టు ముందుగా ఫోన్ చేసి చెప్పి ఉంటే అది పడేది కాదని ఆవిడ చెప్పింది. ఇంట్లో పెద్దాయనకు జ్వరం వచ్చిందనీ, ఆ ఉదయమంతా అర్జెంట్ కేర్‌లో గడిచిందనీ చెప్పి, అక్కడి కాగితం చూపించాను. ఆ పదిహేను డాలర్లూ, వాటి మీది పన్నూ తీసేసింది. బిల్లు 637 డాలర్లకు దిగింది. రేటును మాత్రం తాను ముట్టుకోలేననీ, ఒప్పందం తెరిచి ఉన్నంతవరకైతే ఏదో ఒకటి చేసేదాన్ననీ, మూసిన తరువాత అది ప్రధాన కార్యాలయం చేతిలోకి పోతుందనీ చెప్పింది. అందుకు వాళ్ళ కస్టమర్ సర్వీసు నంబరు రాసిచ్చింది.

ఇంటికి వచ్చి మంచం పక్కన కూర్చుని ఈ కథంతా చెబితే నాన్నగారు జ్వరంలోనే నవ్వారు. ఆయన రిటైరు అయ్యేదాకా ఆర్టీసీ డిపోలో గుమాస్తా, బళ్ళ లెక్కలు ఆయనకు కొత్త కాదు. "ఒరే, తిరుపతి వెళ్ళి రావడానికి అయిదు రోజులకని టాక్సీ మాట్లాడుకుని మూడో రోజే ఇంటికి వచ్చేస్తే మన వెంకటేశ్వర్లు ఏమంటాడు? 'బాబుగారూ, అయిదు రోజులకని కదా రేటు తగ్గించాను, ఈ రెండు రోజులకూ వచ్చిన బేరాలు వదులుకున్నాను' అంటాడా అనడా? డ్రైవర్ బత్తా కూడా అడుగుతాడు. ఇక్కడ అదే మాట కాగితం మీద రాసి నీ చేత సంతకం పెట్టించుకున్నారు" అన్నారు. వాదన బాగానే ఉంది. అయితే మన వెంకటేశ్వర్లు అయిదు రోజులకు ఒప్పుకున్న మొత్తం కన్నా ఎక్కువ మాత్రం ఏనాడూ అడగడు కదా అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఆ మాట పట్టుకో" అన్నారు.

ఆ మాటే పట్టుకున్నాను. ఆ రాత్రి కూర్చుని, ఒప్పందంలోని నిబంధనల ప్రకారమే, నేను బండిని వేర్వేరు వేళల్లో ఇచ్చి ఉంటే ఎంత అయ్యేదో లెక్క కట్టాను. సోమవారం ఉదయం పదిన్నర లోపల, ఆసుపత్రికి వెళ్ళేముందే ఇచ్చేసి ఉంటే నాలుగు రోజులే పడి, జరిమానాతో కలిపి కూడా 526 డాలర్లు. మధ్యాహ్నం రెండు గంటలకు ఇచ్చాను కాబట్టి 654. ఏమీ చేయకుండా మంగళవారం ఉదయం పదింటిదాకా అపార్ట్‌మెంట్‌లో వదిలేసి, ఫోన్ చేసి చెప్పి మరీ ఇచ్చి ఉంటే, వారపు రేటు నిలిచి, రోజువారీ రుసుములు మాత్రం రెండు రోజులవి తగ్గి, 595. అసలు గురువారం దాకా ఉంచుకుంటే మొదట చెప్పిన 610. నేను ఎంచుకున్న గడియ ఈ నాలుగింటిలోకీ ఖరీదైనది. సోమవారం ఉదయం పదిన్నరకూ మధ్యాహ్నం రెండుకూ మధ్య ఉన్న మూడున్నర గంటల వెల 128 డాలర్లని ఆ కాగితం మీద రాసుకుని, కింద రెండు గీతలు గీశాను.

కస్టమర్ సర్వీసుకు మొదటి ఫోన్‌లో నలభై నిమిషాలు సంగీతం విన్నాను, చివరికి "రేటు సరిగ్గానే వేశాం" అన్న జవాబు వచ్చింది. రెండో ఫోన్‌లోనూ అంతే. ఆ రెండుసార్లూ నేను వాడుకోని మూడు రోజుల సొమ్ము అడిగాను. తరువాత ఆలోచిస్తే, నిబంధన చదివాక ఆ కోరికకు బలం లేదనిపించింది. మూడోసారి ఫోన్‌కు ముందు ఈమెయిల్ పంపాను, అందులో కోరిక మార్చాను. నాకు తగ్గింపు అక్కరలేదు, బండిని గురువారం దాకా ఉంచుకుని ఉంటే మీరు నా దగ్గర తీసుకునేది 610 డాలర్లు, మూడు రోజులు ముందే మీ బండి మీకు అప్పగించినందుకు దానికన్నా ఎక్కువ తీసుకోవద్దు, అంతే. బుకింగ్ కాగితం, రసీదు, అర్జెంట్ కేర్ పత్రం జత చేశాను. మూడో ఫోన్‌లో మాట్లాడిన అబ్బాయి రెండు నిమిషాలు ఆగమని, తిరిగి వచ్చి, బిల్లును మొదటి అంచనాకు దించుతున్నామన్నాడు. ఎనిమిదో రోజున కార్డులోకి 27 డాలర్ల చిల్లర జమ అయింది. అంత చేసీ నాకు దక్కింది వారం అద్దె కట్టి నాలుగు రోజులు తిరిగిన భాగ్యమే. కానీ ఎంత అడగాలన్నది తెలిశాకే ఆ మాత్రమైనా వచ్చిందన్నది నా నమ్మకం.

బండి ముందుగా ఇచ్చేస్తే చేతికి అంటుకునే పనులు ఇంకో రెండు ఉన్నాయి. మొదటిది టోల్ ఖాతా. అద్దె కారు నంబరును నేను గురువారం దాకా అని చేర్చుకున్నాను. సోమవారమే ఇచ్చేసినా ఖాతాలోంచి నంబరు తీయడం మరిచిపోయాను. బుధవారం చూసుకుంటే జార్జ్ బుష్ టర్న్‌పైక్ మీద మంగళవారం సాయంత్రం రెండు చోట్ల టోల్ పడి ఉంది. అప్పటికి ఆ బండి ఇంకెవరి చేతిలోనో ఉంది, వాళ్ళ ప్రయాణానికి నేను డబ్బు కడుతున్నాను. బండి తాళాలు ఇచ్చిన చోటే నిలబడి ఫోన్‌లో ఆ నంబరు తీసేస్తే ఇది జరగదు. రెండోది క్రెడిట్ కార్డు హోల్డ్. 810 డాలర్ల హోల్డ్ రసీదు వచ్చిన క్షణాన పోదు. అసలు బిల్లు ఒకవైపు పడుతుంది, పాత హోల్డ్ ఇంకోవైపు నాలుగైదు రోజులు వేలాడుతుంది. నెలాఖరులో పరిమితి తక్కువగా ఉన్న కార్డు వాడితే ఆ నాలుగు రోజులూ ఇబ్బంది పడవలసి వస్తుంది.

బండిని విమానాశ్రయానికి తీసుకెళ్ళకుండా ఇంటి దగ్గరి శాఖలో పడేస్తే పోయేది కదా అని మిత్రుడొకరు అన్నారు. అది ఇంకా ప్రమాదం. తీసుకున్న చోట కాక వేరే చోట ఇస్తే దానికి విడిగా రుసుము ఉంటుంది, కొన్నిసార్లు రేటే పూర్తిగా మారిపోతుంది. ఒకే సంస్థ, ఒకే ఊరు అయినా సరే, ముందు అడగకుండా ఆ పని చేయకూడదు.

ఆ మధ్య హైదరాబాదులో మా తమ్ముడి పెళ్ళికి వెళ్ళినప్పుడు సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకున్నాను. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండే బండి. అక్కడ లెక్క రోజుల్లో కాదు, గంటల్లో. 72 గంటలకు తీసుకుని పది గంటలు ముందే ఇస్తే పైసా వెనక్కి రాలేదు, అలాగని పైసా ఎక్కువా పడలేదు. యాప్‌లో ముందుగానే ముగింపు వేళ మార్చుకుని ఉంటే కొంత తగ్గేదని తరువాత తెలిసింది. ఎవరి నిబంధన వారిది, కానీ చోటు ఏదైనా బండి అప్పగించక ముందు ఉన్న బేరం అప్పగించాక ఉండదు.

ఈ అక్టోబరులో మళ్ళీ అవసరం పడింది. పార్కింగ్‌లో ఎవరో మా కారు తలుపు నొక్కేసి పోయారు, బాడీ షాపు వాళ్ళు బాగు చేయడానికి వారం పడుతుందన్నారు. మా పాలసీలో అద్దె కారు ఖర్చు ఇచ్చే ఏర్పాటు లేదు కాబట్టి ఇంటి దగ్గరి శాఖలో ఒక చిన్న కారును వారం రేటుకు తీసుకున్నాను. విమానాశ్రయ రుసుములు లేవు. ఈసారి సంతకం గడి పైన ఉన్నదంతా చదివాను, నా వెనక ఎవరూ నిలబడి లేరు, ఉన్నా చదివేవాణ్ణి. ఇక్కడా 120 గంటల నిబంధనే. సోమవారం ఉదయం 9 గంటలకు బండి నా చేతికి వచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం బాడీ షాపు నుంచి, మీ కారు తయారైంది, వచ్చి తీసుకెళ్ళమని ఫోన్ వచ్చింది. అంటే అద్దె బండికి అప్పటికి నాలుగు రోజుల అయిదు గంటలు. చెయ్యి తాళాల మీదికి పోయింది, ఆపుకున్నాను. శాఖకు ఫోన్ చేసి, "ఇవాళ సాయంత్రం నాలుగింటికి ఇస్తే ఎంత, రేపు ఉదయం తొమ్మిదిన్నరకు ఇస్తే ఎంత, సోమవారం గడువుకు ఇస్తే ఎంత?" అని మూడు ప్రశ్నలూ ఒక్కసారే అడిగాను. అవతల అమ్మాయి కంప్యూటరులో తేదీలు మార్చి చూసి, ఇవాళ అయితే 361, రేపు ఉదయం అయితే 308, సోమవారం అయినా 308 అని చెప్పింది. శనివారం మధ్యాహ్నం పన్నెండుకు శాఖ మూసేస్తారనీ, ఆ తరువాత తాళాలు పెట్టెలో వేసి వెళితే సోమవారం తెరిచి చూసుకునేదాకా బండి నా పేరు మీదే ఉంటుందనీ, దానికి గీత పడినా నాదే బాధ్యత అనీ అడక్కుండానే చెప్పింది. ఆ మూడు అంకెలనూ ఈమెయిల్‌లో పంపమంటే పంపింది. తిరిగి ఇచ్చే తేదీని శనివారానికి మార్చి నమోదు చేసింది కాబట్టి ఎర్లీ రిటర్న్ ఫీజు ఊసే లేదు.

ఆ రాత్రి రెండు కార్లూ మా అపార్ట్‌మెంట్ ముందు ఉన్నాయి. అద్దె బండిని అతిథుల చోట పెట్టి, ఆఫీసులో రాత్రి పర్మిట్ కాగితం తీసుకుని అద్దం లోపల ఉంచాను. శనివారం ఉదయం ట్యాంకు నింపి, మైళ్ళ అంకెనూ పెట్రోలు ముల్లునూ ఫోటో తీసుకుని, తొమ్మిదీ ఇరవైకి శాఖ ముందు ఆపాను. లోపలికి వెళ్ళలేదు. తొమ్మిదిన్నర అయ్యేదాకా బండిలోనే కూర్చున్నాను. ఆ పది నిమిషాల్లో తెనాలికి ఫోన్ చేస్తే, అక్కడ రాత్రి ఎనిమిది కావస్తోంది, నాన్నగారు భోజనం దగ్గర ఉన్నారు. ఎక్కడున్నావంటే చెప్పాను. "గంటలన్నీ నిండాయా?" అని అడిగారు. నిండాయన్నాను. "అయితే ఇచ్చేయ్" అన్నారు.

రసీదు 308 డాలర్లకే వచ్చింది.